పాత మిలిటరీ రైఫిల్‌కి తూటాలు కొనే ముందు: అమెరికాలోని తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

ట్రెజరీ ఆఫీసు గుమ్మం దగ్గరో, పోలీసు స్టేషన్ మెట్ల మీదో నిలబడ్డ సెంట్రీ భుజాన వేలాడే తుపాకి పేరు మన ఊళ్లలో పిల్లలకీ తెలుసు: త్రీ నాట్ త్రీ. అమెరికాలో స్థిరపడ్డాక ఏ గన్ షోలోనో బల్ల మీద అదే లీ ఎన్‌ఫీల్డ్ ధర చీటీతో కనిపిస్తే చాలామంది ఆగలేరు. కొనేస్తారు. దీనికి తూటాలు ఎక్కడ దొరుకుతాయి, ఏవి కొనాలి అన్న ప్రశ్న ఇంటికి వచ్చాక మొదలవుతుంది. పెద్ద షాపుల అరల్లో వేటకు వాడే రకాలు బోలెడు ఉంటాయి. వందేళ్ల నాటి సైన్యపు రైఫిల్‌కి సరిపడేవి మాత్రం ఏ మూలనో ఒకటీ అరా కనిపిస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా అమెరికా సంగతి. ఇండియాలో .303 ప్రొహిబిటెడ్ బోర్ కింద వస్తుంది కాబట్టి మామూలు లైసెన్సు మీద దొరకదు. అక్కడి బంధువులకు ఈ సలహాలు పనికిరావు.

మొదటి మెట్టు: మీకు కొనే హక్కు ఉందా?

మనవాళ్లలో ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గాని, తూటా గాని దగ్గర ఉంచుకోకూడదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1, ఎల్1, విజిటర్ వీసా అన్నీ దీని కిందికే వస్తాయి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వినిపించేది, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉండటం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, లైసెన్సున్న డీలర్ దగ్గర రైఫిల్ కొనేటప్పుడు ఫారం 4473 నింపాలి. అందులో వీసా గురించి సూటిగా అడుగుతారు. తూటాలకు చాలా రాష్ట్రాల్లో అలాంటి ఫారమేమీ ఉండదు. డబ్బు కట్టి పెట్టె పట్టుకెళ్లిపోవచ్చు. ఎవరూ అడగలేదు కాబట్టి తప్పు లేదనుకుంటారు. చట్టం మాత్రం తుపాకిని, తూటాని ఒకే వాక్యంలో చెప్పింది. దొరికితే క్రిమినల్ కేసుతో ఆగకుండా ఇమిగ్రేషన్ దాకా వెళ్లి దేశం వదలాల్సిన పరిస్థితి రావచ్చు. చూడటానికి వచ్చిన అమ్మానాన్నల్ని సరదాగా షూటింగ్ రేంజికి తీసుకెళ్లి నాలుగు తూటాలు పేల్పించడం కూడా ఇదే లెక్క. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవాళ్లు స్నేహితుల మాట మీద కాకుండా లాయర్ మాట మీద నడుచుకోవాలి.

వయసు సంగతి సులువే: లైసెన్సున్న డీలర్ దగ్గర రైఫిల్ తూటాలకు 18 ఏళ్లు నిండాలి. ఆపైన రాష్ట్రాల నియమాలు. ఇల్లినాయిలో ఫాయిడ్ కార్డు (తుపాకి యజమాని గుర్తింపు కార్డు) కావాలి. మసాచుసెట్స్, కనెటికట్‌లలో ముందే లైసెన్సో సర్టిఫికెటో ఉండాలి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి తూటాలకూ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఆ నియమం వచ్చింది, దాని మీద కోర్టుల్లో వాదనలు జరుగుతూనే ఉన్నాయి. అందుకే కొనే రోజున ఏ నియమం అమల్లో ఉందో చూసుకోవాలి. టెక్సస్, జార్జియా లాంటి చోట్ల ఈ తలనొప్పులు తక్కువ.

రెండో మెట్టు: రైఫిల్‌ని చదవండి

అమ్మినవాడు చెప్పిన కాలిబర్ (తూటా కొలత) పేరు వినండి గాని నమ్మకండి. ఈ రైఫిళ్లు రెండు యుద్ధాలు చూసి, మూడు దేశాల చేతులు మారి, చివరికి ఎవరి గ్యారేజీలోనో బారెల్ మార్పించుకుని మీ దాకా వచ్చి ఉండొచ్చు. రిసీవర్ (బారెల్ వెనుక, తూటాని లోపలికి తోసే బోల్ట్ కదిలే ఇనుప భాగం) మీద ఒకటి రాసి ఉండి, బారెల్ ఇంకొకటి అవడం అరుదేమీ కాదు.

మన త్రీ నాట్ త్రీనే తీసుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనవి అమెరికాకు చాలా వచ్చాయి. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. దగ్గరికి వెళ్తే కనీసం మూడు వేర్వేరు జాతులు.

ఒకటి అసలు .303.

రెండోది 1960లలో మొదలైన 2ఎ, 2ఎ1. ఇవి .303 కావు, 7.62×51 నాటో తూటాకి చేసినవి. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) చతురస్రంగా, కోణాలు తేలి ఉంటుంది, 12 తూటాలు పడతాయి. దీన్ని .308 రైఫిల్ అని అమ్మేవాళ్లు చాలామంది. .308 విన్‌చెస్టర్, 7.62 నాటో బయటికి కవలల్లా కనిపిస్తాయి గాని ఛాంబర్ (బారెల్‌లో తూటా కూర్చునే చోటు) కొలతల్లో, పీడనం కొలిచే పద్ధతిలో తేడా ఉంది. షాపులో దొరికే ఘాటైన .308 వేట తూటాలు ఈ పాత రైఫిల్‌లో వేయొద్దనే నా సలహా. నాటో ప్రమాణానికి చేసినవే కొనండి.

మూడోది .410 మస్కెట్. పోలీసుల అవసరాలకు .303 రైఫిల్‌నే మార్చి, లోపలి గాడులు లేకుండా, ఒక్కో తూటా వేసి పేల్చేలా చేశారు. మ్యాగజైన్ చోట చెక్క దిమ్మ బిగించి ఉంటే అనుమానించాల్సిందే. దీనిలో .303 వేయకూడదు. అమెరికాలో దొరికే .410 షాట్‌గన్ షెల్ కూడా, ఛాంబర్‌ని ఎవరైనా మార్చి ఉంటే తప్ప, దీనికి సరిగ్గా కుదరదు.

ఇవి కాక డి.పి. అని ముద్ర ఉన్నవి డ్రిల్ కోసం పక్కన పెట్టిన రైఫిళ్లు, కవాతుకే తప్ప కాల్చడానికి కావు. ముందు చెక్క చుట్టూ రాగి తీగ చుట్టి, ఇ.వై. ముద్ర ఉంటే గ్రెనేడ్లు విసిరిన తుపాకి అన్నమాట. గోడకు తగిలించుకోండి.

ఇతర దేశాల రైఫిళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. అమెరికా 1903 స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ చేసినవైతే 8,00,000 లోపు, రాక్ ఐలాండ్ చేసినవైతే 2,85,507 లోపు సీరియల్ నంబర్లున్న రిసీవర్లు పెళుసు. వాటికి తూటాలు కొనే పనే లేదు. జపాన్ అరిసాకాల్లో బడిపిల్లల శిక్షణకు చేసిన నకళ్లు ఉన్నాయి. అవి గుండు లేని, శబ్దానికి పేల్చే తూటాలకు మాత్రమే.

ఇక పేర్ల గందరగోళం. 8 ఎం.ఎం. అంటే ఏది? జర్మన్ మౌజర్ 7.92×57 కావచ్చు, ఫ్రెంచ్ లెబెల్ కావచ్చు, హంగేరీ వాడిన 8×56ఆర్ కావచ్చు. 6.5 అన్నా అంతే: స్వీడన్‌ది 6.5×55, జపాన్‌ది 6.5×50, ఇటలీ కార్కానోది 6.5×52. 7.5లో స్విస్‌ది 55, ఫ్రెంచ్‌ది 54. అంటే గుణకారం గుర్తు తర్వాత వచ్చే అంకె లేకుండా ఆర్డరు పెట్టకూడదు. పక్కన ఆర్ అక్షరం ఉంటే కేస్ (గుండునీ మందునీ పట్టి ఉంచే గొట్టం) అడుగున అంచు బయటికి ఉంటుందని అర్థం.

జర్మన్ మౌజర్ విషయంలో ఇంకో పొర ఉంది. 1888లో మొదలైన పాత బారెల్స్‌కి గుండు వ్యాసం 0.318 అంగుళం. 1905 తర్వాత వచ్చిన కొత్త రకానికి 0.323. పాత బారెల్‌లో కొత్త గుండు వేస్తే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఈ భయంతోనే అమెరికా కంపెనీలు 8 ఎం.ఎం. మౌజర్ తూటాల్ని చాలా తక్కువ బలంతో నింపుతాయి. యూరప్ కంపెనీలు పూర్తి బలంతో నింపుతాయి. అందువల్ల ఒకే పేరున్న రెండు పెట్టెలకు భుజం మీద తన్నే దెబ్బ వేరుగా ఉంటుంది. గెవేర్ 88 (1888 నాటి జర్మన్) రైఫిల్ ఉంటే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) బారెల్ కొలిచి చెప్పేదాకా ఏమీ కొనకండి.

ఆ గన్‌స్మిత్ దగ్గరే హెడ్‌స్పేస్ కూడా చూపించండి. బోల్ట్ మూసినప్పుడు తూటాకి వెనుక ఎంత ఖాళీ మిగులుతుందో గేజీలతో చూస్తాడు. బోల్ట్ మీద నంబరు, రిసీవర్ మీద నంబరు కలవకపోతే ఈ పరీక్ష తప్పనిసరి. దానికయ్యే ఖర్చు రెండు మూడు పెట్టెల తూటాలకంటే ఎక్కువ ఉండదు.

మూడో మెట్టు: కొత్తవా, సర్‌ప్లస్సా?

ఒకప్పుడు ఈ ప్రశ్న లేదు. సర్‌ప్లస్, అంటే సైన్యాలు వదిలించుకున్న పాత నిల్వ తూటాలు, కారు చౌక. రష్యా మోసిన్ నాగాంత్‌కి 7.62×54ఆర్ తూటాలు 440 చొప్పున సీల్ చేసిన రేకు డబ్బాల్లో వచ్చేవి, అలాంటి రెండు డబ్బాలు ఒక చెక్క పెట్టెలో ఉండేవి. మోసిన్ అంత ప్రాచుర్యంలోకి రావడానికి తుపాకి చౌక కావడం ఎంత కారణమో ఈ డబ్బాలూ అంతే కారణం. పాత నిల్వలు ఖర్చయిపోతూ వచ్చాయి. 2021 సెప్టెంబరు 7 నుంచి రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు ఆపేశారు. ఇప్పుడు సర్‌ప్లస్ ధర కొత్త తూటాల ధరకు దగ్గరగా చేరింది, కొన్నిసార్లు దాటుతోంది కూడా. సీల్ తీయని డబ్బాలను కలెక్టర్లు కొంటున్నారు. కాల్చడానికి కొనేవాళ్లు వాళ్లతో పోటీ పడనక్కర్లేదు.

అందుకే మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: కొత్తవి కొనండి.

ఈ పాత కాలిబర్లకు దిక్కు ఎవరంటే సెర్బియాలోని ఉజిత్సె పట్టణంలో ఉన్న ప్ర్వి పార్టిజాన్. అమెరికాలో పి.పి.యు. అంటారు. .303, 7.62×54ఆర్, 8 ఎం.ఎం. మౌజర్, జపాన్ 6.5, 7.7, కార్కానో 6.5, ఫ్రెంచ్ 7.5, స్విస్ 7.5 ఇలా వేరేవాళ్లు వదిలేసినవన్నీ చేస్తారు. చెక్ దేశపు సెలియర్ అండ్ బెలో దగ్గర ఎక్కువగా అడిగే రకాలు దొరుకుతాయి. స్వీడన్ నోర్మా నాణ్యమైనదే, ధరా అలాగే ఉంటుంది. అమెరికా హార్నడీ .303లో 174 గ్రెయిన్ల మ్యాచ్ (గురి పోటీలకు వాడే) తూటా చేసింది.

బరువు చూసుకోండి. గ్రెయిన్ అంటే చాలా చిన్న కొలత, 174 గ్రెయిన్లు సుమారు 11.3 గ్రాములు. బ్రిటిష్ సైన్యం 1910లో తెచ్చిన మార్క్ 7 తూటా గుండు బరువు అదే. లీ ఎన్‌ఫీల్డ్ సైట్లు దానికి కొలిచినవే. 150 గ్రెయిన్లవి కొంటే తప్పేమీ లేదు, తగిలే చోటు మారుతుంది. రేంజిలో కాగితం మీద కాల్చడానికి ఫుల్ మెటల్ జాకెట్ (గుండు చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) చాలు. సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర మెత్తని సీసం బయటికి ఉన్నది) వేటకు. దానికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

నాలుగో మెట్టు: సర్‌ప్లస్సే కావాలంటే

ఇత్తడి కేస్ అడుగున గుండ్రంగా కొట్టిన అక్షరాలు చూడండి. దాన్ని హెడ్‌స్టాంప్ అంటారు. తయారైన ఫ్యాక్టరీ, సంవత్సరం చాలావరకు అక్కడే తెలిసిపోతాయి. కె.ఎఫ్. అంటే పుణె పక్కన ఖడ్కీ, బ్రిటిషువాళ్ల కిర్కీ. డి.ఎ.సి. అంటే కెనడా డొమినియన్ ఆర్సెనల్. ఆర్.జి. ఇంగ్లండ్ రాడ్వే గ్రీన్. 7 అంకె రోమన్‌లో ఉండి పక్కన జెడ్ ఉంటే కార్డైట్ అనే పాత రకం మందు కాకుండా నైట్రోసెల్యులోజ్ మందు నింపారని అర్థం. హెచ్.ఎక్స్.పి. అంటే గ్రీస్. ఈ గ్రీకు తూటాలు తుప్పు పట్టించని ప్రైమర్‌తో (కేస్ అడుగున ఉండి మందుని అంటించే చిన్న బిళ్ల) వచ్చినవి కాబట్టి ఎక్కడ కనిపించినా జనం ఎగబడతారు. స్విస్ జి.పి.11 కూడా అంతే. సైన్యం తూటాల్లో అంత శ్రద్ధగా చేసినవి అరుదు.

ఇవి మినహా పాత సర్‌ప్లస్ ఏదైనా కొరోసివ్ (తుప్పు పట్టించేది) అనుకునే వాడండి. డబ్బా మీద నాన్ కొరోసివ్ అని అమ్మకందారు రాసినా సరే. దాని కథ ఇది. పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక బారెల్ లోపల పొటాషియం క్లోరైడ్ అనే లవణం మిగులుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే ఇదీ గాలిలో తేమను లాక్కుంటుంది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లో ఒక్క రాత్రికే తుప్పు కనిపించవచ్చు. నూనె పూస్తే లాభం లేదు, లవణం నూనెలో కరగదు. నీళ్లలో కరుగుతుంది. కాబట్టి కాల్చిన రోజే బారెల్‌లో వేడినీళ్లు పోసి, బోల్ట్ ముఖం కూడా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తర్వాత మామూలుగా శుభ్రం చేసి నూనె రాయండి. అద్దాలు తుడిచే అమోనియా ద్రవమే కావాలని కొందరు పట్టుబడతారు. అందులో పని చేసేదీ నీళ్లే.

ఈ కడగడం బద్ధకమనిపిస్తే సర్‌ప్లస్ మీకు కాదు.

చేతిలోకి తీసుకున్నాక వదిలేయాల్సినవి: మెడ దగ్గర సన్నని పగుళ్లున్నవి, పచ్చగా చిలుము పట్టి లోహం తినేసినవి, వేళ్లతో తిప్పితే గుండు కదిలేవి, ప్రైమర్ పైకి లేచినవి. జిప్ సంచిలో పోసిన విడి తూటాలు, ఎవరో ఇంట్లో నింపిన రీలోడ్లు ఎంత చౌకైనా వద్దు. ఎవరు, ఏ మందు, ఎంత పోశారో తెలియని తూటాని మొహానికి జానెడు దూరంలో పేల్చుకోవడం ఎందుకు?

ఒక చిన్న అయస్కాంతం దగ్గర ఉంచుకోండి. గుండుకి అతుక్కుంటే లోపల ఉక్కు ఉంది, లేదా జాకెట్ ఉక్కుది. చాలా ఇండోర్ రేంజిల్లో వీటిని రానివ్వరు. తలుపు దగ్గరే అయస్కాంతం పెట్టి చూస్తారు. సర్‌ప్లస్ కొనే ముందే మీరు వెళ్లే రేంజికి ఫోన్ చేస్తే 440 తూటాల డబ్బా ఇంట్లో పెట్టుకుని టెన్షన్ పడే అవసరం రాదు.

అయిదో మెట్టు: ఎక్కడ కొనాలి, లెక్క ఎలా వేయాలి

1986లో చట్టం మారాక తూటాలు మళ్లీ మెయిల్ ఆర్డరుకి, ఇప్పుడు ఆన్‌లైన్‌కి దొరుకుతున్నాయి. చాలా రాష్ట్రాల్లో ఇంటికే వస్తాయి. ప్రభుత్వ పోస్టు ద్వారా తూటాలు పంపకూడదు. ప్రైవేటు కొరియర్లు రోడ్డు మార్గంలో తెస్తాయి. పెట్టె బరువుగా ఉంటుంది కాబట్టి షిప్పింగే అసలు ఖర్చు.

పెట్టె ధర చూడొద్దు, తూటా ఒక్కింటికి ఎంత పడిందో చూడండి. ఉదాహరణకు 20 తూటాల పెట్టె 26 డాలర్లు, షిప్పింగ్ 15 అనుకుందాం. ఒక్క పెట్టె తెప్పిస్తే తూటా 2 డాలర్ల 5 సెంట్లు. అదే పది పెట్టెలు, షిప్పింగ్ 20 అయితే 1 డాలరు 40 సెంట్లు. ఒకే కాలిబర్ వాడే స్నేహితులు ఉంటే కలిసి ఆర్డర్ పెట్టేది ఇందుకే. అయితే కలిసి కొన్నా, పంచుకునే ప్రతి మనిషికీ మొదటి మెట్టులో చెప్పిన హక్కు ఉండాలి.

అంత మొత్తం కొనే ముందు మాత్రం స్థానిక షాపులో ఒక్క పెట్టె, ధర ఎక్కువైనా, కొని చూడండి. ఈ పాత బారెల్స్‌కి ఒక్కోదానికి ఒక్కో ఇష్టం. కొన్ని అరిగిన బారెల్స్ అడుగు చదునుగా ఉన్న గుండుతోనే దగ్గర దగ్గరగా కొడతాయి. నచ్చిన తూటా దొరికాక పెట్టె మీది లాట్ నంబరు రాసుకుని, వీలైతే అదే లాట్‌లో ఎక్కువ కొనండి.

గన్ షోలో సీల్ ఉన్న పెట్టెలు, డబ్బాలు సరే. బల్ల కింది నుంచి తీసే సంచులు వద్దు. స్ట్రిప్పర్ క్లిప్పులు (కొన్ని తూటాల్ని ఒకేసారి మ్యాగజైన్‌లోకి దింపే రేకు పట్టీలు) కూడా అక్కడే చౌకగా దొరుకుతాయి, తీసుకోండి. .303లో తూటాలు నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి, లేకపోతే ఒకదానికొకటి పట్టుకుని బోల్ట్ కదలదు.

ఆరో మెట్టు: మొదటి పెట్టె కాల్చేటప్పుడు

కళ్లద్దాలు, చెవి రక్షణ సరే. ఈ రైఫిళ్లకు ప్రత్యేకంగా చూడాల్సినవి మూడు.

ట్రిగ్గర్ లాగితే టక్‌మని ఆగిపోయిందనుకోండి. వెంటనే బోల్ట్ తెరవకండి. పాత ప్రైమర్లు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటాయి. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. పేలినప్పుడు శబ్దం నీరసంగా, తుస్సుమన్నట్టు వస్తే ఆ రోజుకి ఆపేసి బారెల్‌లో గుండు ఇరుక్కుందేమో చూడాలి. దాని వెనుక ఇంకోటి పేల్చితే బారెల్ పగులుతుంది.

కాల్చిన కేసులు పారేయకుండా ఒక్కోటీ పరిశీలించండి. అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే కేస్ తెగడానికి సిద్ధంగా ఉందన్నమాట, లీ ఎన్‌ఫీల్డ్‌లో ఇది తరచు చూస్తాం. ప్రైమర్ బయటికి పొడుచుకు రావడం, బోల్ట్ తెరవడం కష్టమవడం కూడా గన్‌స్మిత్ దగ్గరికి మళ్లీ వెళ్లమని చెప్పే గుర్తులే.

ఇంకోటి, మోసిన్ 100 మీటర్ల దగ్గర గురిపెట్టిన చోటు కాకుండా పక్కకో పైకో కొడుతుంటే తూటాలని తిట్టకండి. సోవియట్ సైన్యం దాని సైట్లను బయొనెట్ తగిలించి సరిచేసింది.

ఏడో మెట్టు: దాచడం, ప్రయాణం

చల్లగా, పొడిగా, తాళం వేసిన చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. గ్యారేజీ వద్దు. టెక్సస్ వేసవిలో గ్యారేజీ వేడికి మందు త్వరగా పాడవుతుంది. పెట్టెలోంచి తీసిన తూటాలను కలిపేయొద్దు, ముఖ్యంగా ఇంట్లో .303, 7.62 నాటో రెండూ ఉంటే.

ఇండియా ప్రయాణం ముందు రేంజికి వాడిన సంచులు, బ్యాక్‌ప్యాకులు, జాకెట్ జేబులు, సూట్‌కేసు అడుగు పొరలు అన్నీ దులపండి. విమానాశ్రయంలో బ్యాగులో తూటా దొరికి ఆయుధాల చట్టం కింద కేసైన వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. తెలియక వచ్చిందని కోర్టులో నిరూపించుకోవచ్చేమో గాని, ఆలోగా సెలవులు అయిపోతాయి, పాస్‌పోర్టు ఇరుక్కుపోతుంది. రేంజికి వాడే సంచిని ప్రయాణాలకు అసలు తీయకపోవడమే మేలు. కాల్చేసిన ఖాళీ కేస్ కూడా స్కానర్‌లో తూటాలాగే కనిపిస్తుంది, దాన్నీ ఇంట్లోనే వదిలేయండి.